కుడికాలితో బండి తిప్పడం: డ్రిఫ్టింగ్‌లో మొదటి పాఠాలు

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. మీ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ళు ఫోన్ చేసి "అన్నా, డ్రిఫ్టింగ్ గురించి మాట్లాడాలి" అన్నప్పుడు నేను ఒకటే అడిగాను. వీడియోలు వేసి చప్పట్లు కొట్టించే ప్రసంగం కావాలా, మొదటి రోజు బండిలో కూర్చున్న మనిషికి పక్కన కూర్చున్న గురువు ఏం చెబుతాడో అది కావాలా అని. రెండోదే కావాలన్నారు. సంతోషంగా వచ్చాను. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: డ్రిఫ్టింగ్ అంటే బండి వెనక భాగాన్ని కావాలని పక్కకి జార్చి, అడ్డంగా జారుతూనే మలుపు తిప్పడం.

నేను యోకోహామాలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. అక్కడుండగా సెలవు దొరికినప్పుడల్లా ఫుకుషిమా ప్రాంతంలో నిహోన్మత్సు అనే ఊరి దగ్గరున్న ఎబిసు సర్క్యూట్‌కి వెళ్ళేవాణ్ణి. కొండ మీద ఒకదాని పక్కన ఒకటి చిన్న చిన్న ట్రాకులు ఉంటాయి, పక్కనే సఫారీ పార్కు, సింహాలూ ఏనుగులూ అన్నీ ఉంటాయి. అక్కడ డ్రిఫ్ట్ మత్సురి అని జరుగుతుంది. మత్సురి అంటే మన భాషలో జాతర. నిజంగా జాతరే, పగలూ రాత్రీ బండ్లు తిరుగుతూనే ఉంటాయి, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి పాత బండి ఒకటి కొనుక్కుని, అరిగిన టైర్లు దొంతర పెట్టుకుని అక్కడే పడి ఉంటారు. నాకు డ్రిఫ్టింగ్ మీద ప్రేమ పుట్టింది అక్కడ. ఇప్పుడు చెప్పబోయేదంతా అక్కడ నేర్చుకున్నదీ, తర్వాత నా అంతట నేను తప్పులు చేస్తూ తెలుసుకున్నదీ.

ముందు చరిత్ర ఒక్క నిమిషం. కునిమిత్సు తకహాషి అని ఒక పెద్దాయన ఉండేవారు. 1961లో మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రిలో గెలిచిన మొట్టమొదటి జపాన్ రైడర్ ఆయన. తర్వాత కార్ల రేసుల్లోకి వచ్చి, 1970ల్లో మలుపులోకి వేగంగా దూసుకొచ్చి బండిని అడ్డంగా జార్చుకుంటూ బయటికి తీసుకెళ్ళేవారు. అది చూసి పిచ్చెక్కిపోయిన కుర్రాళ్ళలో ఒకరు కేయిచి త్సుచియా, ఘాట్ రోడ్ల మీద సాధన చేసి పైకొచ్చిన మనిషి, ఈరోజు ప్రపంచమంతా ఆయన్ని డ్రిఫ్ట్ కింగ్ అంటుంది. 2000లో జపాన్‌లో డీ1 గ్రాండ్ ప్రి మొదలైంది, 2004లో అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ మొదటి సీజన్ నడిచింది. ఈ పోటీల్లో ఎవరు ముందు వచ్చారని చూడరు. ఏ గీతలో వచ్చావు, ఎంత కోణంలో వచ్చావు, ఎంత ధైర్యంగా వచ్చావు అని జడ్జీలు మార్కులు వేస్తారు. చరిత్ర ఇంతటితో చాలు.

ఇక అసలు సంగతి. మీలో సైకిల్ తొక్కని వాళ్ళు ఉండరు కదా. చిన్నప్పుడు ఇసుకలో వెనక బ్రేకు గట్టిగా పట్టి స్కిడ్ కొట్టే ఉంటారు. వెనక చక్రం పక్కకి జారిపోతుంది, మీరు తెలియకుండానే హ్యాండిల్‌ని జారుతున్న వైపుకే తిప్పుతారు, పడిపోకుండా నిలబడతారు. ఎవరూ మీకు నేర్పలేదు, ఒళ్ళే నేర్చుకుంది. డ్రిఫ్టింగ్‌లో ఉన్నది ఆ పనే, కాకపోతే సైకిల్ జారడం ఒక్క క్షణం, ఇక్కడ ఆ జారడాన్ని మీ ఇష్టం వచ్చినంతసేపు నిలబెట్టాలి. అలా నిలబెట్టేది యాక్సిలరేటర్ మీదున్న కుడికాలు. అందరూ స్టీరింగే అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని వెళ్ళాను.

ఎందుకో చెబుతాను, మీరు ఇంజనీరింగ్ పిల్లలు కాబట్టి మీకు త్వరగా అందుతుంది. టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు ఒక లెక్కలోనే ఉంటుంది. ఆ పట్టుని బండిని ముందుకి తోయడానికైనా వాడుకోవచ్చు, పక్కకి జారకుండా ఆపడానికైనా వాడుకోవచ్చు, రెండింటికీ ఉన్నది ఒకటే సంచి. వెనక చక్రాలకి అవసరానికి మించి పవర్ ఇచ్చి గిర్రున తిప్పేశామనుకోండి, సంచి అక్కడే ఖాళీ అయిపోతుంది, పక్కకి ఆపడానికి ఏమీ మిగలదు, బండి తోక జారుతుంది. యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కితే తోక ఇంకాస్త జారుతుంది, కాస్త తగ్గిస్తే పట్టు కాస్త తిరిగొస్తుంది. అంటే కోణాన్ని పెంచేదీ తగ్గించేదీ మీ కుడికాలే. స్టీరింగ్ ఏం చేస్తుందంటే, బండి ముక్కు ఎటున్నా సరే, ముందు చక్రాలు మాత్రం మనం వెళ్ళాల్సిన దిక్కుకే చూసేలా ఉంచుతుంది.

వెనక చక్రాల బండి, అంటే ఇంజన్ వెనక చక్రాలని తిప్పే బండి, ఎందుకు కావాలో కూడా ఇందులోనే ఉంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజన్ లాగేది ముందు చక్రాలనే. వాటిలో హ్యాండ్‌బ్రేక్ లాగితే తోక ఒకసారి జారుతుంది, నిజమే, కానీ యాక్సిలరేటర్ నొక్కగానే ముందు చక్రాలు బండిని లాగి నిటారు చేసేస్తాయి. జారడం నిలబడదు. పూర్వం మన అంబాసిడర్, కాంటెస్సా వెనక చక్రాల బండ్లే. ఇప్పుడు ఈకో, బొలెరో లాంటివి ఉన్నాయి. కానీ దయచేసి వాటితో ప్రయత్నించకండి, అవి ఎత్తు బండ్లు, పక్కకి జారుతూ చక్రం దేనికైనా తగులుకుంటే పల్టీ కొడతాయి. డ్రిఫ్ట్ బండి నేలకి దగ్గరగా ఉండాలి. జపాన్‌లో పేరు మోసిన టయోటా ఏఈ86 చూడండి, 1983 నుంచి 1987 దాకా వచ్చింది, 1600 సీసీ ఇంజన్, దాదాపు 130 హార్స్ పవర్, టన్ను కూడా తూగదు. పవర్ కాదు దాని గొప్పతనం, తేలిక, చెప్పిన మాట వినే గుణం. తర్వాత నిస్సాన్ సిల్వియాలు వచ్చాయి, నేను నేర్చుకున్నది వాటిలో పాత ఎస్13 మోడల్ మీద. ఒక మంచి సంగతేమిటంటే జపాన్‌లోనూ మనలాగే స్టీరింగ్ కుడివైపు, గేరూ హ్యాండ్‌బ్రేకూ ఎడమచేతికి. అమెరికా వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు చేతులు తారుమారు చేసుకోవాలి, జపాన్‌వి చూస్తే ఆ బాధ లేదు.

బండిలో ఇంకొకటి చూసుకోవాలి, డిఫరెన్షియల్, అంటే ఇంజన్ పవర్‌ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల అమరిక. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండి మలుపులో లోపలి చక్రం తేలికైపోగానే పవరంతా దానికే పోతుంది, అదొక్కటే గిర్రున తిరిగి పొగ లేపుతుంది, రెండోది రోడ్డుని పట్టుకునే ఉంటుంది, బండి జారదు. అందుకే పవరంతా ఒక్క చక్రానికే పోకుండా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయిస్తారు. డబ్బుల్లేనివాళ్ళు లోపలి గేర్లని వెల్డింగ్ చేసేసి రెండు చక్రాలూ ఒకటిగా తిరిగేలా చేస్తారు. ముందు టైర్లు మంచి పట్టున్నవి, వెనకవి గట్టి రబ్బరువి, చవకవి. బండి జారబోతే తనంతట తానే అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కొత్త బండి అయితే అవి పూర్తిగా ఆగాయో లేదో చూసుకోండి, చాలా బండ్లలో బటన్ ఒకసారి నొక్కితే సగమే ఆగుతాయి, కొన్ని సెకన్లు పట్టుకునే ఉంచాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఇందుకు పనికిరాదు.

మొదటి రోజు ఏం చేయించారో చెబుతాను. కాంక్రీటు మైదానం, మీద నీళ్ళు, మధ్యలో ఒక ట్రాఫిక్ కోన్. అంతే. రోజంతా ఆ కోన్ చుట్టూ తిరగడమే. నాకు మొదట చిన్నతనంగా అనిపించింది, డబ్బు కట్టి వచ్చింది ట్రాక్ మీద తిరగడానికి కదా అని. ఇప్పుడు ఎవరడిగినా నేను మొదట చెప్పేది అదే. నీళ్ళు పోస్తే పట్టు తగ్గుతుంది, తక్కువ వేగంలోనే బండి జారుతుంది, జారడం కూడా నిదానంగా జరుగుతుంది కాబట్టి ఏం జరుగుతోందో మీ ఒంటికి తెలియడానికి టైం దొరుకుతుంది. టైర్లు కూడా పెద్దగా అరగవు.

నడుస్తున్నప్పుడు వరస ఇది. ఫస్ట్ గేరులో నిదానంగా కోన్ చుట్టూ తిరుగుతారు, స్టీరింగ్ దాదాపు చివరిదాకా తిప్పి ఉంటుంది. క్లచ్ నొక్కి, ఇంజన్‌ని నిమిషానికి నాలుగు వేల చుట్ల దాకా లేపి, క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేస్తారు. తోక జారిందా, అక్కడి నుంచి అసలు పాఠం. కుడికాలు అలాగే సగం మీద నిలిపి ఉంచాలి, స్టీరింగ్‌ని వదలాలి. మీరు విన్నది కరెక్టే, వదలాలి. ముందు చక్రాల అమరికలో క్యాస్టర్ కోణం అని ఉంటుంది, మీ సస్పెన్షన్ క్లాసులో చెప్పే ఉంటారు, దానివల్ల బండి జారగానే చక్రాలు తమంతట తామే వెళ్ళే దిక్కుకి తిరుగుతాయి, స్టీరింగ్ గిరగిరా వెనక్కి వస్తుంది. మనం చేయాల్సిందల్లా దానికి అడ్డుపడకపోవడం. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినప్పుడు పటం లాగుతుంటే దారాన్ని వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చి, చాలు అనిపించిన చోట పట్టుకుంటాం చూడండి, సరిగ్గా అలాగే. దారాన్ని గుప్పిట్లో బిగిస్తే తెగుతుంది. ఇక్కడ స్టీరింగ్‌ని బిగిస్తే బండి గిర్రున తిరిగిపోతుంది. బొటనవేళ్ళు మాత్రం చక్రం లోపలికి పెట్టకండి, ఊచ వచ్చి తగిలితే వేలు విరుగుతుంది.

ఇక కాలు. మొదటి రోజు అందరూ చేసే తప్పు, భయమేయగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయడం. మామూలు డ్రైవింగ్‌లో అది మంచి అలవాటే, పదేళ్ళ నుంచి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. డ్రిఫ్ట్‌లో అదే కొంప ముంచుతుంది. ఎందుకంటే ఆ క్షణాన ముందు చక్రాలు మలుపుకి ఎదురు దిక్కుకి తిరిగి ఉన్నాయి, కాలు తీయగానే వెనక టైర్లకి పట్టు ఒక్కసారిగా తిరిగొచ్చేస్తుంది, బండి ఆ ఎదురు దిక్కుకి చెంపదెబ్బ కొట్టినట్టు విసురుగా వెళ్ళిపోతుంది. నేను రెండో నెలలో పొడి ట్రాక్ మీద ఇలాగే కాలు తీసి టైర్ల గోడలోకి వెళ్ళాను, ఎడమవైపు తలుపు లోపలికి పోయింది. ఆరోజు నా గురువు కోప్పడలేదు. బండి దిగి వచ్చి, కాలు తీయకు, తగ్గించు, అని అదే మాట మూడుసార్లు చెప్పాడు. పాలు పొంగుతుంటే అమ్మ ఏం చేస్తుంది, మంట తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలో చెంచా లెక్కలు ఉండవు, చూస్తూ చూస్తూ చేతికి వస్తుంది. ఇక్కడ కాలికి రావాలి, ఆ ఒక్కదానికే మూడు నాలుగు రోజులు పట్టినా నష్టం లేదు.

అయితే ఎప్పుడు తగ్గించాలో తెలిసేది ఎలా? నడుముతో. బండి జారడం కళ్ళకంటే ముందు నడుముకి తెలుస్తుంది. అందుకే సీటు బెల్టులో నడుము దగ్గర పట్టీ బాగా బిగించుకోమంటారు, ఒళ్ళు సీటుకి అతుక్కుని ఉంటేనే ఆ కబురు అందుతుంది. వదులుగా కూర్చుంటే స్టీరింగ్‌ని పట్టుకుని వేలాడతాం, చేతులు బిగుసుకుపోతాయి, అక్కడితో అంతా పోతుంది. కళ్ళ పని వేరే. కళ్ళు మనం వెళ్ళాల్సిన చోటుకి చూడాలి. కోన్ చుట్టూ తిరిగేటప్పుడు అద్దంలోంచి ఎదురుగా చూడకూడదు, మెడ తిప్పి పక్క కిటికీలోంచి కోన్‌కి అవతలివైపు చూడాలి. గోడని చూస్తే గోడలోకే పోతాం. ఇది సామెత కాదు, చేతులు నిజంగానే కళ్ళు చూసే దిక్కుకి తిరుగుతాయి, మీరు బైక్ మీద గోతిని చూస్తూ చూస్తూ గోతిలోకే వెళ్ళిన రోజు గుర్తు తెచ్చుకోండి.

ఇంత చిన్న వలయం ఎందుకని ఇంకా అనుమానం ఉంటే ఒకటి చెబుతాను. 2017 డిసెంబరులో అమెరికాలో సౌత్ కరోలినాలోని గ్రీర్‌లో జోహాన్ శ్వార్ట్జ్ అనే డ్రైవర్ బీఎండబ్ల్యూ ఎం5తో ఎనిమిది గంటలు ఆపకుండా డ్రిఫ్ట్ చేశాడు, దాదాపు 374 కిలోమీటర్లు. ప్రపంచ రికార్డు. పెట్రోలు కూడా పక్కన ఇంకో ఎం5 జారుకుంటూ వచ్చి, నడుస్తుండగానే పోసింది. అదంతా ఎక్కడ జరిగింది? నీళ్ళు పోసిన వలయం మీదే. మొదటి రోజు పాఠం ఎక్కడిదాకా తీసుకెళ్ళగలదో చూడండి.

ఆ వలయం ఎడమకీ కుడికీ రెండువైపులా పది పన్నెండు చుట్లు ఆగకుండా తిప్పగలిగాక, రెండో కోన్ పెడతారు. ఇరవై పాతిక మీటర్ల దూరం. ఇప్పుడు ఎనిమిది అంకె గీయాలి. ఇందులో కష్టమంతా మధ్యలోనే, ఒకవైపు జారుతున్న బండిని రెండోవైపుకి మార్చేటప్పుడు. కాలు ఒక్క క్షణం తేలిక చేస్తే బండి బరువు ఊయల ఊగినట్టు ఇటు నుంచి అటు వస్తుంది, స్టీరింగ్ చేతుల్లోంచి జారిపోతూ రెండో వైపుకి వెళ్ళిపోతుంది, అక్కడ పట్టుకుని మళ్ళీ కాలు వేయాలి. ఇందాక కాలు తీయొద్దని చెప్పి ఇప్పుడు తేలిక చేయమంటున్నానేమిటి అనుకుంటున్నారేమో. ఇందాకటిది భయంతో తీసేయడం, ఇది బరువు మార్చడానికి కావాలని, రెండోవైపు పట్టుకోడానికి చేతులు సిద్ధంగా పెట్టుకుని తగ్గించడం. కాలు తిరిగి వేయడం ఆలస్యమైతే బండి నిటారై కోన్ దాటి వెళ్ళిపోతుంది, తొందరపడితే గిర్రున తిరుగుతుంది. నా మటుకు నాకు డ్రిఫ్టింగ్‌లో అన్నింటికంటే అందమైన క్షణం అదే. బండి ఒక వైపు వదిలి ఇంకో వైపు అందుకునే ఆ అర సెకను బరువే లేనట్టు ఉంటుంది. దానికోసమే నేను రాత్రి బస్సులో అయిదు గంటలు ప్రయాణం చేసి వెళ్ళేవాణ్ణి.

ఇవి రెండూ వచ్చాకే మలుపులోకి వెళ్ళడం. మలుపు ముందు తోకని ఎలా జార్చాలన్నదానికి చాలా దారులున్నాయి. మొదట నేర్పేది హ్యాండ్‌బ్రేక్. సెకండ్ గేరులో నలభై యాభై వేగంతో వచ్చి, ముందు స్టీరింగ్ మలుపులోకి తిప్పాలి, క్లచ్ నొక్కాలి, హ్యాండ్‌బ్రేక్ బటన్‌ని నొక్కే ఉంచి ఒక్క లాగు లాగి వదలాలి, తోక కదలగానే క్లచ్ వదులుతూ కాలు వేయాలి. స్టీరింగ్ తిప్పకముందే లాగేస్తే బండి నేరుగా ఈడ్చుకుంటూ పోతుంది, ఎక్కువమంది చేసేది ఇదే. రెండోది క్లచ్ కిక్. యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, ఎడమకాలితో క్లచ్‌ని టక్కున తన్ని వదలడం. ఇంజన్ ఒక్కసారి ఎగసి ఆ దెబ్బ వెనక చక్రాలకి తగులుతుంది. మంచి పద్ధతే కానీ గేరుబాక్సుకీ యాక్సిల్‌కీ పెద్ద శిక్ష. మూడోది ఫెయింట్, మలుపు ఎడమకైతే ముందు కుడికి కాస్త తిప్పి, బరువు అటు వెళ్ళాక చటుక్కున ఎడమకి తిప్పడం. ఎబిసులో మినామి అనే ట్రాకుంది, అక్కడ మలుపులోకి వచ్చే చోట ఎత్తు ఉంటుంది, ఆరితేరినవాళ్ళు అడ్డంగా జారుతూనే ఆ ఎత్తు మీద గాల్లోకి లేస్తారు. నేను గోడ పక్కన నిలబడి చూశాను గానీ అక్కడ నడపలేదు, ఇంకా నేర్చుకోవాలి.

అవును, ఆ తమ్ముడు అడుగుతున్నది వినిపించింది, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు రాత్రి ఖాళీగానే ఉంటుంది కదా అన్నా అని. దీనికి సూటిగా చెబుతాను. వద్దు. మోటారు వాహనాల చట్టంలో ప్రమాదకరంగా నడపడానికి 184, రోడ్డు మీద రేసులకి 189 సెక్షన్లున్నాయి, అది ఒక సంగతి. అసలు కారణం వేరే. నేర్చుకునేటప్పుడు బండి గిర్రున తిరగాల్సిందే, నేను మొదటి రోజు యాభైసార్లకి పైనే తిరిగాను, తిరిగిన ప్రతిసారీ ఎందుకు తిరిగిందో తెలుసుకోవడమే పాఠం. మైదానంలో తిరిగితే కోన్ పడుతుంది. రోడ్డు మీద డివైడర్ ఉంటుంది, కరెంటు స్తంభం ఉంటుంది, లైట్లు లేకుండా వచ్చే టూవీలర్ ఉంటుంది, రోడ్డు పక్కన పడుకున్న మనిషి ఉంటాడు. తప్పు చేయడానికి చోటు లేని దగ్గర ఇది నేర్చుకోలేం. మన దేశంలో చెన్నై దగ్గర, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి, ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని నడుపుకునే ట్రాక్ డేలు పెడుతుంటారు. మీ కాలేజీకి ఇంత స్థలం ఉంది, యాజమాన్యాన్ని ఒప్పించి, అంబులెన్సు పెట్టించి, ఒక మూల కాంక్రీటు మీద నీళ్ళు కొట్టి ఒక్క కోన్ పెట్టుకోవచ్చు. కావాలంటే నేను వచ్చి వాళ్ళతో మాట్లాడతాను.

జాగ్రత్తలు గబగబా. హెల్మెట్, మూసిన బూట్లు, కిటికీ అద్దాలు పైకి. బండిలో నీళ్ళ సీసా, జాకీ, ఫోను ఏదీ వదులుగా ఉండకూడదు. ఇంజన్ ఆయిల్ పై గీత దాకా ఉండాలి, పక్కకి జారినంతసేపూ ఆయిల్ ఒక పక్కకి చేరుతుంది, తక్కువుంటే పంపుకి అందదు, ఇంజన్ పోతుంది. చక్రాల నట్లు ప్రతి విడత తర్వాతా బిగించి చూడండి. ఒకసారి ఒక షెడ్‌లో టైర్లు మార్పించుకుని, బిగించే ఉంటారులే అనుకుని నేరుగా ట్రాక్ ఎక్కాను, మూడో చుట్టులో వెనక చక్రం ఊగడం నడుముకి తెలిసింది, ఆపి చూస్తే రెండు నట్లు చేత్తోనే తిరిగాయి. అప్పటినుంచి రెంచి నా చేతిలోనే ఉంటుంది, ఎవరు బిగించినా నేను మళ్ళీ చూస్తాను. బండి చెయ్యి దాటి గిర్రున తిరిగితే ఒకటే సూత్రం: రెండు కాళ్ళూ కిందికి. క్లచ్ పూర్తిగా, బ్రేకు పూర్తిగా. ఆగేదాకా తీయొద్దు. ఆగాక చుట్టూ చూసి, చెయ్యి పైకెత్తి, అప్పుడు మళ్ళీ కదలండి.

బండి లేనివాళ్ళు నిరాశ పడకండి. స్టీరింగ్ చక్రం, పెడల్స్ పెట్టుకుని అసెట్టో కోర్సా లాంటి సిమ్యులేటర్ మీద కూడా సగం నేర్చుకోవచ్చు. స్టీరింగ్ వదిలి పట్టుకోవడం, మెడ తిప్పి చూడడం, కాలు తగ్గించడం, ఈ మూడూ అక్కడ వస్తాయి. నడుముకి తెలిసేది మాత్రం రాదు. మీ క్లబ్ వాళ్ళు పక్క ల్యాబులో ఒకటి పెట్టారు, ఏఈ86 పెట్టి ఉంచాను, ఖాళీ మైదానం, ఒక్క కోన్. మనిషికి పది నిమిషాలు. లావు అడుగున్న బూట్లు వేసుకున్నవాళ్ళు విప్పేయండి, పెడల్ కాలికి తెలియదు. ముందు ఎడమవైపు తిప్పండి. ఎవరైనా ఆగకుండా మూడు చుట్లు తిప్పితే నన్ను పిలవండి, రెండో కోన్ పెడతాను.